పాత గీతకు కొత్త కాగితం

న్యూయార్క్ భూగర్భ రైలు స్టేషన్‌లో ఒకడు ప్రాణభయంతో పరుగెడుతున్నాడు. నల్ల దుస్తుల మనిషి ఒకడు వెంటపడ్డాడు. పరుగులో వాడి కాలు జారింది. ఆ జారడాన్ని చిత్రకారుడు ఒక్క బొమ్మతో తేల్చెయ్యలేదు. రెప్పపాటు కాలాన్ని సన్నని నిలువు గళ్ళుగా తరిగి పక్కపక్కనే పేర్చాడు. ఒక్కో గడిలో ఒళ్ళు ఇంకాస్త ఒరుగుతుంది, ఆసరా ఇంకాస్త దూరమవుతుంది. తర్వాత రైలు దూసుకొస్తుంది. కిటికీల్లో ప్రయాణికుల ముఖాలు అవే మళ్ళీ మళ్ళీ, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ సాగిపోతాయి. వేగంగా పోయే రైలును గట్టుమీద నిలబడి చూసినప్పుడు కంటికి ఏం అందుతుందో సరిగ్గా అదే కాగితం మీద ఉంది. చావు బొమ్మలో ఎక్కడా కనిపించదు. దాన్ని రెండు గళ్ళ మధ్య తెల్లని సందులో చూసేది చదివేవాడే.

ఇది బెర్నార్డ్ క్రిగ్‌స్టైన్ గీసిన ‘మాస్టర్ రేస్’ కథ. 1955లో ఇ.సి. కామిక్స్ వారి ‘ఇంపాక్ట్’ మొదటి సంచికలో వచ్చింది. కథకు నాయకుడు కార్ల్ రైస్మన్. రైల్లో ఎదురుగా వచ్చి కూర్చున్న మనిషిని చూడగానే వాడికి హిట్లర్ జర్మనీ, బెల్సెన్ శిబిరం గుర్తుకొస్తాయి. చదివేవాళ్ళం వాణ్ణి ఆ నరకం నుంచి బతికి బయటపడ్డ అభాగ్యుడనుకుని జాలిపడతాం. తీరా చూస్తే వాడే ఆ శిబిరాన్ని నడిపిన అధికారి! మనం చూపిన కరుణ అంతా ఒక్కసారి తిరగబడి భయానకంగా మారుతుంది. సంపాదకుడు ఆల్ ఫెల్డ్‌స్టైన్ ఈ కథను ఆరు పేజీలకు రాశాడు. క్రిగ్‌స్టైన్ పన్నెండు అడిగాడు, ఎనిమిది దొరికాయి. దొరికిన చోటులోనే గళ్ళను చీల్చి, సన్నం చేసి, కాలాన్ని తనకు కావలసినంత సాగదీసుకున్నాడు. చోటు లేకపోవడం అతని చేతిలో శిల్పమైంది.

ఈ కథ నా అల్మరాలో రెండు రూపాల్లో ఉంది. ఒకటి పెద్ద సైజు నలుపు తెలుపు పుస్తకం, రెండోది రంగుల రీప్రింట్. రెండూ పక్కపక్కన పరుచుకుని చూసినప్పుడే పునర్ముద్రణల సేకరణలో ఉన్న రుచి నాకు పూర్తిగా తెలిసింది. నలుపు తెలుపులో గీత ఏకవస్త్రగా నిలబడుతుంది. క్రిగ్‌స్టైన్ గీతకు వంపుసొంపుల మోజు లేదు. సన్నగా, నిబ్బరంగా, గదిని కొలిచే మేస్త్రీ నూలులా సాగుతుంది. ఏ గీత ఎక్కడ ఆగిందో, ఏ ఖాళీని కావాలని వదిలాడో స్పష్టంగా కనిపిస్తుంది. రంగుల ప్రతిలో అదే పేజీ నడక మారుతుంది. రంగు ముందున్నదాన్ని వెనకున్నదాన్ని విడదీసి కంటికి దారి చూపిస్తుంది. గీత ఒంటరితనం తగ్గి కథ వేడి పెరుగుతుంది. ఇ.సి. కామిక్స్‌కు రంగులు కూర్చింది మేరీ సెవరిన్. బీభత్సం హద్దు దాటిన గడిలో ఆమె ముదురు నీలం పరిచి కప్పేసేదని ప్రసిద్ధి. ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యమన్నది సరిగ్గా ఇలాంటి చోటే పనిచేస్తుంది. చూపవలసినదాన్ని చూపి, చూపకూడనిదాన్ని రంగుతో వెనక్కి నెట్టడం కూడా రసజ్ఞతే.

ఈ నలుపు తెలుపు పుస్తకాలు మనదాకా రావడానికి కారణం ఒక ప్రచురణకర్త జాగ్రత్త. ఆ రోజుల్లో అచ్చు పూర్తయ్యాక అసలు బొమ్మలకు విలువ ఉండేది కాదు. పారేసేవారు, చించేసేవారు, ఎవరు అడిగితే వారికి ఇచ్చేసేవారు. ఇ.సి. అధిపతి విలియం గేన్స్ మాత్రం తన సంస్థ బొమ్మలను దాచి ఉంచాడు. 1954లో కథల్నీ బొమ్మల్నీ కట్టడి చేసే కామిక్స్ కోడ్ వచ్చి ఇ.సి. పత్రికలు ఒక్కొక్కటే మూతపడి, ‘మ్యాడ్’ ఒక్కటే మిగిలినా ఆ కట్టలు చెక్కుచెదరలేదు. 1970ల చివరి నుంచి ప్రచురణకర్త రస్ కొక్రన్ వాటినే నేరుగా ఫొటో తీయించి, పెద్ద సైజులో, గట్టి అట్టలతో సంపుటాలుగా వేశాడు. పది సెంట్ల పత్రికలో ముతక కాగితం మింగేసిన సన్నగీతలు అలా పాఠకుడి ముందుకొచ్చాయి. అసలు సంచికను 1955లో కొన్నవాడు కూడా ఆ గీతల్ని అంత బాగా చూసి ఉండడు. మొదటి ముద్రణ కన్నా పునర్ముద్రణ చిత్రకారుడి చేతికి దగ్గరగా రావడం ఈ కళలో ఒక విశేషం.

ఈ మాట తెలియాలంటే పాత కామిక్ పుస్తకం ఎలా తయారయ్యేదో కాస్త చూడాలి. చిత్రకారుడు తెల్లటి బోర్డు మీద, అచ్చయ్యే సైజు కన్నా పెద్దదిగా, నల్ల ఇంకుతో గీసేవాడు. రంగు అతని పని కాదు. రంగులు కూర్చేవాళ్ళు ఒక నమూనా మీద నీటిరంగులు వేసి, ఏ చోట ఏ పాలు పడాలో గుర్తులు రాసి పంపేవారు. ఎరుపు, పసుపు, నీలం ఒక్కోటీ పావు, సగం, పూర్తి అని మూడు మోతాదుల్లో దొరికేది. అసలు లేకపోవడం నాలుగో మోతాదు. వీటి కలయికలన్నీ లెక్కేస్తే 64 రంగులు. ఆ గుర్తుల్ని చూసి ఒక్కో రంగుకు ఒక్కో పలక తయారుచేసే పని చాలాకాలం కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో జరిగింది. అచ్చు ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్పార్టా లాంటి ఊళ్ళలో, వార్తాపత్రికల కాగితం మీద, మహావేగంతో సాగేది. పావు వంతు ఎరుపంటే చిన్న చిన్న ఎర్ర చుక్కల వరస. దానికి పావు వంతు పసుపు కలిస్తే దూరం నుంచి చర్మపు రంగు. పలక వెంట్రుకవాసి జరిగిందంటే బుగ్గ మీది రంగు ముఖం దాటి ఆకాశంలోకి పాకేది.

ఇప్పుడా పేజీని మళ్ళీ అచ్చువేసేవాడి ముందు నిలిచే ప్రశ్న చాలా లోతైంది. అతను దేన్ని బతికించాలి? చిత్రకారుడు బోర్డు మీద పెట్టిన గీతనా, పిల్లవాడు చేతిలో పట్టుకున్న పుస్తకాన్నా? గీతను ఎంచుకుంటే చుక్కలు, మరకలు, పసుపెక్కిన కాగితం అన్నీ పోవాలి. పుస్తకాన్ని ఎంచుకుంటే అవన్నీ ఉండాలి. ప్రకటనలు, పాఠకుల ఉత్తరాలతో సహా ఉన్నదున్నట్టు అచ్చువేసే ఫాక్సిమిలీ ప్రతులది రెండో దారి. 2010లో డేవ్ స్టీవెన్స్ ‘రాకెటీర్’తో మొదలైన ‘ఆర్టిస్ట్స్ ఎడిషన్’ పుస్తకాలు మొదటి దారిలో చివరిదాకా వెళ్ళాయి. వాటిలో పేజీ బొమ్మ గీసిన బోర్డంత ఉంటుంది. నలుపు తెలుపు బొమ్మనే రంగుల్లో స్కాన్ చేస్తారు కాబట్టి చెరిపిన పెన్సిల్ జాడ, తప్పు దిద్దిన తెల్లరంగు పూత, అతికించిన మాటల కాగితం అంచు, అన్నీ కనిపిస్తాయి. కథ చదువుతున్నామా, గీస్తున్నవాడి భుజం మీదుగా తొంగి చూస్తున్నామా అన్నది మరిచిపోతాం. ఈ రెండు దారుల్లో ఏదో ఒకటే సరైనదని నేననను. ఒకే కీర్తనను ఇద్దరు విద్వాంసులు పాడినప్పుడు మనం ఇద్దరినీ వింటాం. పునర్ముద్రణ కూడా ఒక రసవ్యాఖ్యానమే. ఏ సంపాదకుడు దేన్ని కాపాడాడో, దేన్ని వదులుకున్నాడో చూడడంలోనే సేకర్త కన్ను పదునెక్కుతుంది.

వ్యాఖ్యానం అన్నాక చెడు వ్యాఖ్యానాలూ ఉంటాయి. పాత బొమ్మను మెరిసే తెల్ల కాగితం మీద వేసి, 64 రంగుల లెక్కలో కూర్చిన చదును రంగుల్ని అదే మోతాదులో దించేస్తే కళ్ళు జిగేలుమంటాయి. ముతక కాగితం ఇంకును పీల్చుకుని కాస్త మెత్తబరుస్తుందని తెలిసే ఆ రంగుల్ని అంత గట్టిగా ఎంచుకున్నారు. పీల్చే కాగితం పోయి, గట్టి రంగు మాత్రం మిగిలితే పేజీ అరుస్తుంది. కంప్యూటర్‌తో బుగ్గలకు నునుపు, ఆకాశానికి వెలుగునీడల జారుడు చేర్చిన ప్రతులది ఇంకో రకం అన్యాయం. గుండ్రాన్ని, బరువును, నీడను చెప్పే పని గీతే పూర్తిచేసి ఉంది. చెప్పిన మాటనే రంగు మళ్ళీ చెబితే పునరుక్తి దోషం తప్పదు. పదును తేరిన పాఠకుడు అలాంటి పేజీ దగ్గర ఆగిపోతాడు, కారణం చెప్పలేకపోయినా.

రంగు విషయంలో ఔచిత్యం ఎలా ఉండాలో చూడాలంటే కార్ల్ బార్క్స్ గీసిన డోనాల్డ్ డక్ కథల్ని ఫాంటాగ్రాఫిక్స్ సంస్థ 2011 నుంచి వేస్తున్న సంపుటాలు తెరవాలి. కొత్తగా వేసినా రంగులు పాత పద్ధతిలోనే చదునుగా, గీత వెనక ఒదిగి ఉంటాయి. కాగితానికి మెరుపు లేదు. మొదటగా వచ్చిన సంపుటానికి పేరిచ్చిన కథ ‘లాస్ట్ ఇన్ ది ఆండీస్’, 1949 నాటిది. మ్యూజియంలో పనిచేసే డోనాల్డ్ డక్ చేతిలోంచి నలుచదరపు రాయి ఒకటి జారి పడుతుంది. అది రాయి కాదని, నలుచదరపు గుడ్డని తేలుతుంది. ఆ గుడ్డు పెట్టే కోళ్ళను వెతుక్కుంటూ డోనాల్డ్, ముగ్గురు మేనల్లుళ్ళు పెరూ కొండల్లో పడతారు. పొగమంచు లోయ దాటాక ఒక ఊరు ఎదురవుతుంది. అక్కడ ఇళ్ళు చదరం, మనుషులు చదరం, కోళ్ళు చదరం. గుండ్రనిది ఏది తయారుచేసినా నేరం! పిల్లలేమో అక్కడ బబుల్‌గమ్ బుడగలు ఊదేశారు.

బార్క్స్ హాస్యంలో గొప్ప ఏమిటంటే అతను నవ్వించడానికి ఎక్కడా తొందరపడడు. ముందు అద్భుతాన్ని నమ్మిస్తాడు. పొగమంచులో ఆకారాలు మసకబారి, మనమూ దారి తప్పిపోయాకే లోయను చూపిస్తాడు. ఊరి రాళ్ళను, గోడల్ని అంత శ్రద్ధగా గీస్తాడు కాబట్టి చదరపు కోడి కూడా ప్రకృతి సహజమైన జీవిలా మన ముందు తిరుగుతుంది. అద్భుతం మీద నమ్మకం కుదిరాక హాస్యం తనంతట తానే వస్తుంది. ఇన్ని కష్టాలు పడి ఇంటికి తెచ్చిన రెండు చదరపు కోళ్ళూ చివరికి పుంజులే అని తేలినప్పుడు ఆ నవ్వులో కాస్త వేదన కూడా కలుస్తుంది. మనిషి శ్రమంతటినీ అంత చిన్న విషయం పడగొట్టగలదన్న ఎరుక పిల్లల కథలో ఇంత తేలిగ్గా ఒదిగిపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పునర్ముద్రణ ఒక కథకు ఎంత మేలు చేయగలదో చెప్పడానికి బార్క్స్‌దే ఇంకో కథ ఉంది. 1953లో వచ్చిన ‘బ్యాక్ టు ది క్లాండైక్’. ముసలి కోటీశ్వరుడు అంకుల్ స్క్రూజ్‌కు మతిమరుపు వస్తుంది. వైద్యుడు మాత్రలిస్తాడు. మాత్ర వేసుకోగానే పూర్వం క్లాండైక్ బంగారు గనుల నేలలో తాను దాచిన బంగారం గుర్తుకొస్తుంది. గోల్డీ అనే అమ్మాయి కూడా గుర్తుకొస్తుంది. ఆనాడు ఆమె తనకు బాకీ పడింది. ఆ బాకీ వసూలుకు స్క్రూజ్ బయలుదేరతాడు. వెళ్ళి చూస్తే గోల్డీ ముసలిదైపోయి, పేదరాలై, ఒక ఎలుగుబంటిని కాపలా పెట్టుకుని ఆ నేల మీదే బతుకుతూ ఉంటుంది. చివర్లో స్క్రూజ్ ఆమెతో బంగారం తవ్వే పందెం వేస్తాడు. పాతిపెట్టిన బంగారం చోటు ఆమెకు దొరికేలా చేసి ఓడిపోతాడు. “మాత్ర వేసుకోవడం మరిచిపోయాను, అందుకే చోటు గుర్తు రాలేదు” అన్నట్టు కోపం నటిస్తాడు. డోనాల్డ్ సీసాలో మాత్రలు లెక్కపెడతాడు. స్క్రూజ్ మాత్ర వేసుకున్నాడు.

ఇంతే. ‘ప్రేమ’ అన్న మాట ఎవరి నోటా రాదు. పైసా పైసా కూడబెట్టిన పిసినారి తన బంగారాన్ని ఒక అబద్ధం చాటున ఆమెకు వదిలేశాడు. ఆ అబద్ధాన్ని బయటపెట్టింది సీసాలో మిగిలిన మాత్రల లెక్క. ఆనందవర్ధనుడు కావ్యానికి ఆత్మ అని చెప్పిన ధ్వనికి ఇంతకన్నా శుద్ధమైన ఉదాహరణ బొమ్మల కథల్లో నేను చూడలేదు. చెప్పింది మతిమరుపు గురించి, తెలిసింది గుండె గురించి. నేను ఈ పేజీని ఎప్పుడు తెరిచినా సీసా దగ్గర ఆగుతాను. అంత చిన్న వస్తువు మీద అంత బరువు మోపి, అది విరగకుండా నిలబెట్టిన చేతికి నమస్కరించాలనిపిస్తుంది.

అయితే 1953 నాటి పాఠకుడికి ఈ ధ్వని సగమే అందింది. స్క్రూజ్, గోల్డీల పడుచు వయసు కథ చెప్పే పేజీల్ని సంపాదకులు అచ్చుకు ముందే కోసేశారు. సారాకొట్టులో ఆమె అతనికి మత్తు కలిపి ఇవ్వడం, బంగారు ముద్ద కాజేయడం, అతను కొట్టునంతా ఎదిరించి దాన్ని తిరిగి రాబట్టుకోవడం, ఆమెను తన గనికి తీసుకెళ్ళి పని చేయించడం, ఇవన్నీ పిల్లల పత్రికకు తగవనుకున్నారు. బార్క్స్ దగ్గర మిగిలిన ఆ పేజీలు 1981లో వచ్చిన పునర్ముద్రణలో మళ్ళీ కథలోకి చేరాయి. వాటితో చదివితే చివరి మాత్రల లెక్కకు వెనక బలం వస్తుంది. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది పాత బాకీ మాత్రమే కాదనీ, సమఉజ్జీలైన ఇద్దరు మొండివాళ్ళ మధ్య రాజుకుని ఆరిపోయిన నిప్పు అనీ తెలుస్తుంది. మొదటి ప్రతి కొన్నవాడి చేతిలో ఉన్నది అంగవైకల్యం ఉన్న కథ. నిండు కథ దొరికింది పునర్ముద్రణ చదివినవాడికే.

ఇదంతా తెలిశాక పాత అసలు సంచికల వెంట సాగే వేలంపాటలు నన్ను పెద్దగా ఊరించవు. 1938 నాటి ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అలాంటి ప్రతుల్ని నాణ్యత లెక్కగట్టి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి, సీలు వేస్తారు. పైఅట్ట కనిపిస్తుంది. లోపలి పేజీ తిప్పడానికి వీల్లేదు. ఆ జాగ్రత్తకు చారిత్రక విలువ ఉంది, కాదనను. కాగితంలో ఉన్న ఆమ్లం ఆ కాగితాన్నే తినేస్తుంది. పైగా రెండో ప్రపంచయుద్ధ కాలంలో కామిక్స్ ఎన్నో పాత కాగితాల సేకరణలో కలిసిపోయాయి. మిగిలిన ప్రతుల్ని కాపాడవలసిందే. కానీ కామిక్ అన్నది పేజీ తిప్పినప్పుడే జరిగే కళ. కుడి పేజీ చివరి గడిలో ఊపిరి బిగబట్టించి, తిప్పగానే వదిలించడం దాని శిల్పంలో భాగం. తిప్పలేని కామిక్‌లో ఆ శిల్పం నిద్రపోతుంది. దాన్ని మేలుకొలిపేది పునర్ముద్రణ.

సైజు కూడా శిల్పమేనని నాకు నేర్పింది విన్సర్ మెకే. 1905లో ‘న్యూయార్క్ హెరాల్డ్’ పత్రిక ఆదివారం పుటలో మొదలైన అతని ‘లిటిల్ నీమో’ను ఎన్నో పుస్తకాల్లో చిన్నది చేసి వేశారు. 2005లో 16 అంగుళాల వెడల్పు, 21 అంగుళాల ఎత్తుతో, పత్రికలో వచ్చినంత సైజులో ఒక సంపుటం వచ్చింది. 1908 జూలైలో అచ్చయిన ప్రసిద్ధమైన పేజీలో నీమో మంచానికి కాళ్ళు మొలిచి, పొడుగెదిగి, ఊరి మీద నడుస్తుంది. కాళ్ళు పెరిగేకొద్దీ గడి కూడా నిలువునా పెరుగుతుంది. చిన్న ప్రతిలో ఇది తెలివైన ఆలోచనగా కనిపిస్తుంది. నిజమైన సైజులో చూస్తే మెడ ఎత్తి చూడవలసి వస్తుంది, ఒళ్ళంతా ఎత్తు తెలుస్తుంది. అలాగే 1937లో మొదలైన హాల్ ఫోస్టర్ ‘ప్రిన్స్ వాలియంట్’ను 2009 నుంచి ఫోస్టర్ స్వయంగా దాచుకున్న రంగుల ప్రూఫుల ఆధారంగా వేసినప్పుడు అడవి, కోట, కెరటం మీది వెలుతురు కంటికి నిండుగా అందాయి.

తెలుగు పాఠకుడికి ఈ రుచి కొత్తదేమీ కాదు. ‘చందమామ’ పేజీల్లో చిత్రా, శంకర్ల సన్నగీతల్లో కోటలూ రాక్షసులూ చూస్తూ పెరిగిన తరం మనది. ముఖచిత్రాల్లో వడ్డాది పాపయ్య రంగుల్ని కళ్ళకద్దుకున్నాం. బాపు ఒక్క గీత తిప్పితే మనిషి స్వభావమంతా పలకడం చూశాం. గీతను చదవడం మనకు చిన్నప్పుడే పట్టుబడింది. ఆ కన్నుతోనే బార్క్స్ దగ్గరకు, క్రిగ్‌స్టైన్ దగ్గరకు వెళితే పరాయి దేశం అనిపించదు. చూడవలసినవి అవే: గీత ఎక్కడ బరువెక్కింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఏది చెప్పకుండా వదిలింది.

ఈ పుస్తకాల పట్ల నాకున్న ప్రేమకు ఇంకో కారణం ఉంది, నా లెక్కలో అదే పెద్దది. బార్క్స్ దాదాపు పాతికేళ్ళపాటు బాతుల కథలు గీసినా ఆ పత్రికల మీద అతని పేరు ఉండేది కాదు. చదివే పిల్లలు గీతను బట్టి గుర్తుపట్టి ‘మంచి బాతుల చిత్రకారుడు’ అని పిలుచుకున్నారు. పేరు తెలియకుండానే చేతిని గుర్తించిన ఆ పిల్లలే నిజమైన సహృదయులు. పెద్దయ్యాక వాళ్ళలో కొందరు వెతికి అతని పేరు బయటకు తెచ్చారు. ఇవాళ సంపుటాల వెన్ను మీద ఆ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. కథ రాసినవారు, గీసినవారు, రంగులు కూర్చినవారు ఎవరెవరో లోపలి పేజీల్లో వరసగా చెబుతున్నారు. రోజుకూలీలా పేజీకింతని తీసుకుని పనిచేసినవాళ్ళకు, తమ పని వారం తిరక్కుండా చెత్తలో కలుస్తుందని తెలిసి కూడా ఒక్క గడిలోనూ చేతిని దిగజారనివ్వని వాళ్ళకు, ఆలస్యంగానైనా ఇది దక్కవలసిన మర్యాద. ఒక పునర్ముద్రణను కొని అల్మరాలో పెట్టుకోవడంతో ఆ మర్యాద పూర్తికాదు. తెరిచి, నిదానంగా, గడి గడికీ ఆగుతూ చదివితేనే పూర్తవుతుంది. వాళ్ళు గీసింది అలా చదవడం కోసమే.